నలుపు-తెలుపు టెలివిజన్ సర్క్యూట్ బోర్డుల మరమ్మతు

నలుపు-తెలుపు టెలివిజన్ సర్క్యూట్ బోర్డుల మరమ్మతు అనగా పిక్చర్ ట్యూబుతో పనిచేసే పాత టెలివిజన్ సెట్లలోని సర్క్యూట్ బోర్డులలో ఏర్పడిన లోపాలను కనుగొని, చెడిన భాగాలను మార్చి, సెట్టును తిరిగి సురక్షితంగా పనిచేయించే ప్రక్రియ. భారతదేశంలో 1970, 1980 దశకాలలో తయారైన ట్రాన్సిస్టరు సెట్లకు ఇది ప్రధానంగా వర్తిస్తుంది. ఈ సెట్ల తయారీ ఏనాడో ఆగిపోయినది. వాటిని భద్రపరచిన కుటుంబాలు, పాఠశాలలు, సేకర్తలు ఇప్పటికీ మరమ్మతు కోసం వెదకుతుంటారు. చాలా సందర్భాలలో చెడినది కొద్ది రూపాయల విలువ చేసే కెపాసిటరు లేదా పగిలిన సోల్డరు మాత్రమే అయి ఉంటుంది. అయితే అదే పెట్టెలో ప్రాణాపాయం కలిగించే వోల్టేజి కూడా ఉంటుంది. కనుక ఈ పనిలో మొదట నేర్చుకోవలసినది భద్రత, తరువాత లోప నిర్ధారణ, చివరిగా సోల్డరింగు.

చరిత్ర

భారతదేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైనవి. తెలుగు గ్రామాలలో టెలివిజన్ ప్రవేశానికి ప్రధాన కారణం శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్, క్లుప్తంగా సైట్, అనే ప్రయోగం. దీనికి సంబంధించిన ఒప్పందం 1969 సెప్టెంబరులో భారత అణుశక్తి విభాగానికి, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు మధ్య కుదిరినది. 1974 మే 30న ప్రయోగించిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని 1975లో 35 డిగ్రీల తూర్పు రేఖాంశానికి జరిపి, ఆ సంవత్సరం ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందించారు. అహమ్మదాబాదు భూకేంద్రం నుండి కార్యక్రమాలు ఉపగ్రహానికి చేరేవి. ఉపగ్రహం వాటిని 860 మెగాహెర్ట్జుల పౌనఃపున్యంపై నేరుగా గ్రామాలకు పంపేది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ఉండేవి. ఆంధ్ర ప్రదేశ్‌లో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు ఈ ప్రయోగంలో ఉన్నాయి. నేటి వికారాబాదు జిల్లాలోని బంట్వారం, వికారాబాదు, తాండూరు ప్రాంతాలు 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడేవరకు అప్పటి హైదరాబాదు జిల్లాలోనివే. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది.

గ్రామంలో సుమారు 3 మీటర్ల వ్యాసం గల, కోళ్ళ గూళ్ళకు వాడే తీగవలతో చేసిన గిన్నె ఆకారపు యాంటెన్నా, సంకేతాన్ని మార్చే ముందరి విభాగం, దానికి జోడించిన టెలివిజన్ సెట్టు కలిపి ఒక యూనిట్‌గా ఉండేవి. ఈ సెట్లను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) తయారుచేసినది. 1967లో అణుశక్తి విభాగం కింద ఏర్పడిన ఈ సంస్థకు వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు. వాల్వులు లేకుండా ట్రాన్సిస్టర్లతో నడిచే టెలివిజన్‌ను దేశంలో మొదట తయారుచేసిన ఘనత ఈ సంస్థకు ఉంది. తరువాతి కాలంలో ఈసీ టీవీ పేరుతో ఈ సంస్థ సెట్లు తెలుగు ఇళ్ళలో విస్తృతంగా కనిపించేవి.

సైట్ కాలంలో గ్రామమంతటికీ ఒకే సెట్టు ఉండేది. ఆ సెట్టులోని ఒక బోర్డు చెడితే ఊరంతటికీ ప్రసారం ఆగిపోయేది. కనుక మరమ్మతు అనేది ప్రయోగంలో ఒక అనుబంధం కాక, ప్రసారంతో సమానమైన భాగమని ఆ అనుభవం చూపినది. ప్రయోగం ముగిసిన తరువాత ఉపగ్రహం తిరిగి వెళ్ళిపోయినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమై, భూతల ప్రసారాలు అందుబాటులోకి వచ్చాయి. 1982లో రంగుల ప్రసారాలు మొదలైనా, గ్రామీణ ప్రాంతాలలో నలుపు-తెలుపు సెట్లు చాలాకాలం కొనసాగాయి. పారిశ్రామిక శిక్షణా సంస్థలలో (ఐటీఐలలో) రేడియో, టెలివిజన్ మెకానిక్ అనే కోర్సు ఉండేది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ విడిభాగాలకు పేరుపొందిన బజారు.

సెట్టు లోపలి నిర్మాణం

లోపాన్ని కనుగొనాలంటే సెట్టులోని విభాగాలు, వాటి పరస్పర సంబంధం తెలిసి ఉండాలి. భారతదేశంలో వాడిన పద్ధతిలో ఒక చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు ఉంటాయి. కనుక ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు 625 × 25 = 15,625 సార్లు అడ్డంగా, 50 సార్లు నిలువుగా తెరపై కదలాలి. ఈ రెండు కదలికలను నడిపే వలయాలే సెట్టులో అధిక శ్రమకు లోనయ్యే భాగాలు.

* విద్యుత్ సరఫరా విభాగం: గోడ ప్లగ్గు నుండి వచ్చే 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి, స్థిరపరచి ఇతర విభాగాలకు అందిస్తుంది. 20 అంగుళాల సెట్లలో ఇది సాధారణంగా 100 వోల్టులకు పైబడి ఉంటుంది. కారు బ్యాటరీతో కూడా నడిచే 14 అంగుళాల సెట్లలో సుమారు 11 వోల్టులు ఉంటుంది.
* ట్యూనరు: యాంటెన్నా నుండి వచ్చిన సంకేతాలలో కావలసిన ఛానలును ఎన్నుకొని, 38.9 మెగాహెర్ట్జుల మధ్యంతర పౌనఃపున్యానికి మారుస్తుంది.
* ఐఎఫ్, వీడియో విభాగం: సంకేతాన్ని పెంచి, అందులోని చిత్రాన్ని వేరుచేసి పిక్చర్ ట్యూబుకు అందిస్తుంది.
* శబ్ద విభాగం: 5.5 మెగాహెర్ట్జుల శబ్ద సంకేతాన్ని వేరుచేసి స్పీకరుకు పంపుతుంది.
* సింక్ విభాగం: చిత్రం కదలకుండా నిలిచేందుకు అవసరమైన సంకేతాలను వీడియో నుండి విడదీస్తుంది.
* వర్టికల్ విభాగం: పుంజాన్ని పైనుండి కిందికి కదిలిస్తుంది.
* హారిజాంటల్ విభాగం: పుంజాన్ని అడ్డంగా కదిలించడమే కాక, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా పిక్చర్ ట్యూబుకు అవసరమైన అధిక వోల్టేజిని కూడా పుట్టిస్తుంది. ఇది చిన్న సెట్లలో 10,000 వోల్టులకు, పెద్ద సెట్లలో 15,000 వోల్టులకు పైబడి ఉంటుంది.

చివరి అంశం నుండి ఒక ముఖ్యమైన సూత్రం లభిస్తుంది. హారిజాంటల్ విభాగం ఆగితే అధిక వోల్టేజి పుట్టదు. అధిక వోల్టేజి లేకపోతే తెరపై వెలుగు ఉండదు. కనుక శబ్దం బాగుండి తెర చీకటిగా ఉన్నప్పుడు పిక్చర్ ట్యూబు పోయిందని నిర్ణయించరాదు. ముందు హారిజాంటల్ విభాగాన్ని పరీక్షించాలి. ఈ సూత్రం తెలియక మంచి ట్యూబును తీసివేసిన సందర్భాలు అరుదు కాదు.

భద్రత

శిక్షణ లేనివారు ఈ సెట్లను విప్పరాదు. ప్లగ్గు తీసివేసినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. ఇందులో మూడు వేర్వేరు ప్రమాదాలు ఉన్నాయి.

మొదటిది, ఛాసిస్‌పై విద్యుత్తు. అనేక 20 అంగుళాల సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు లేకుండా 230 వోల్టులను నేరుగా డీసీగా మారుస్తారు. అప్పుడు సెట్టులోని లోహపు ఛాసిస్ విద్యుత్ సరఫరాలోని ఒక తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే లేదా గోడలోని తీగలు తారుమారైతే, ఛాసిస్‌పైకి ఫేజు వస్తుంది. ఇటువంటి సెట్టును 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా మాత్రమే నడిపి పరీక్షించాలి.

రెండవది, ఫిల్టరు కెపాసిటరులో నిలిచిన విద్యుత్తు. 230 వోల్టుల ఏసీ శిఖర విలువ 230 × 1.414, అనగా సుమారు 325 వోల్టులు. ఈ వోల్టేజితో నిండిన కెపాసిటరు సెట్టును ఆపిన తరువాత కూడా కొంతసేపు ప్రమాదకరంగానే ఉంటుంది. తగిన వాట్ల నిరోధకంతో దానిని ఖాళీ చేసి, మీటరుతో సున్నా అని చూసుకున్న తరువాతే బోర్డును తాకాలి. స్క్రూడ్రైవరుతో నేరుగా షార్టు చేస్తే కెపాసిటరు, రాగి పట్టీలు రెండూ చెడతాయి.

మూడవది, పిక్చర్ ట్యూబు. గాజు ట్యూబు లోపలి పూత, వెలుపలి నల్లని గ్రాఫైటు పూత కలిసి ఒక కెపాసిటరుగా పనిచేస్తాయి. ట్యూబు పక్కన ఉన్న రబ్బరు మూత కింది ఆనోడు వద్ద అధిక వోల్టేజి నిలిచి ఉంటుంది. వెలుపలి పూతకు తగిలే భూతీగకు కలిపిన, అధిక వోల్టేజి నిరోధకం గల ఇన్సులేటెడ్ కడ్డీతో దీనిని ఖాళీ చేయాలి. కొద్ది నిమిషాల తరువాత గాజులో మిగిలిన ఆవేశం తిరిగి పైకి తేలవచ్చు. కనుక రెండవసారి కూడా ఖాళీ చేయడం అవసరం. ట్యూబు లోపల శూన్యం ఉంటుంది. సన్నని మెడ భాగం పట్టుకొని ఎత్తితే అది విరిగి, గాజు పేలిపోయే ప్రమాదం ఉంది.

సెట్టు నడుస్తుండగా కొలతలు తీయవలసి వచ్చినప్పుడు ఒక చేతిని వెనుక ఉంచుకొని, మరొక చేతితో మాత్రమే పనిచేయడం పాత మెకానిక్కుల అలవాటు. రెండు చేతుల మధ్య విద్యుత్ మార్గం ఏర్పడితే అది గుండె మీదుగా పోతుంది. ఉంగరాలు, గడియారం తీసివేయాలి. కాళ్ళ కింద పొడి చెక్క లేదా రబ్బరు పరుపు ఉండాలి. పక్కన మరొక మనిషి ఉండటం మంచిది.

కావలసిన పనిముట్లు

* 25 నుండి 40 వాట్ల సోల్డరింగు ఐరన్, పెద్ద కాళ్ళకు అంతకంటే ఎక్కువ వాట్లది
* తగరం 60 శాతం, సీసం 40 శాతం గల, లోపల రోజిన్ ఫ్లక్సు ఉన్న సోల్డరు తీగ. ఇది 183 నుండి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది
* కరిగిన సోల్డరును పీల్చే పంపు, రాగి జల్లెడ పట్టీ
* డిజిటల్ మల్టీమీటరు, వీలైతే కెపాసిటర్ల అంతర్గత నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు
* 60 లేదా 100 వాట్ల బల్బుతో చేసిన సిరీస్ బోర్డు
* భూతద్దం, మెత్తని బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ప్లాస్టిక్ కడ్డీ

ప్లంబింగు, డబ్బాల పనికి వాడే ఆమ్లపు ఫ్లక్సును బోర్డులపై ఎన్నడూ వాడరాదు. అది అప్పటికి అతికించినా, నెలల తరువాత రాగిని తినివేస్తుంది.

లోప నిర్ధారణ

పనిముట్టు చేతిలోకి తీసుకునే ముందు లోపం లక్షణాన్ని గమనించాలి. తెర ఏమి చూపుతున్నదో, స్పీకరు ఏమి వినిపిస్తున్నదో జాగ్రత్తగా చూస్తే వందలాది భాగాలలో పరీక్షించవలసినవి పది లోపుకు తగ్గుతాయి.

* వెలుగు, శబ్దం రెండూ లేవు: విద్యుత్ సరఫరా విభాగం, ఫ్యూజు, స్విచ్చి. ఫ్యూజు వెంటనే పోతుంటే రెక్టిఫయరు డయోడ్లు లేదా హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టు అయి ఉండవచ్చు.
* శబ్దం ఉంది, వెలుగు లేదు: హారిజాంటల్ విభాగం, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు, ట్యూబు ఫిలమెంటు.
* తెర మధ్యలో ఒకే అడ్డగీత: వర్టికల్ విభాగం లేదా డిఫ్లెక్షన్ యోక్ తీగ. ఈ స్థితిలో బ్రైట్‌నెస్‌ను వెంటనే తగ్గించాలి. లేనిచో ఆ గీత తెరపై శాశ్వతంగా కాలిపోతుంది.
* చిత్రం పైకి లేదా కిందికి జారుతుంది: వర్టికల్ హోల్డు, సింక్ విభాగం.
* చిత్రం ఏటవాలు చారలుగా చీలిపోతుంది: హారిజాంటల్ ఆసిలేటరు పౌనఃపున్యం తప్పినది.
* తెరపై వెడల్పాటి నల్లని పట్టీలు, స్పీకరులో గుంయ్‌మనే మోత: ఫిల్టరు కెపాసిటరు ఎండిపోయినది. అర్ధతరంగ రెక్టిఫయరులో ఒక పట్టీ, పూర్ణతరంగ రెక్టిఫయరులో రెండు పట్టీలు కనిపిస్తాయి.
* తెరనిండా చుక్కలు, చిత్రం లేదు: యాంటెన్నా, ఫీడరు తీగ, ట్యూనరు.
* వెలుగు ఉంది, చుక్కలు కూడా లేవు: ఐఎఫ్ విభాగం లేదా దానికి అందే సరఫరా.
* చిత్రం నాలుగు వైపులా కుంచించుకుపోయినది: సరఫరా వోల్టేజి తక్కువగా ఉంది.

లక్షణం నుండి విభాగాన్ని గుర్తించిన తరువాత, ఆ విభాగానికి డీసీ సరఫరా అందుతున్నదో లేదో మొదట కొలవాలి. సరఫరా లేని విభాగంలో ట్రాన్సిస్టర్లను మార్చడం వ్యర్థం. ఆ తరువాత ప్రతి ట్రాన్సిస్టరు బేసు, ఎమిటరుల మధ్య వోల్టేజి చూడాలి. పనిచేస్తున్న సిలికాన్ ట్రాన్సిస్టరులో ఇది సుమారు 0.6 వోల్టులు, పాత జెర్మేనియం ట్రాన్సిస్టరులో 0.2 నుండి 0.3 వోల్టులు ఉంటుంది. ఆసిలేటరు, అవుట్‌పుట్ దశలలో ఈ కొలత వేరుగా ఉండవచ్చు.

నడుస్తున్న హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు కలెక్టరు వద్ద సాధారణ మల్టీమీటరును పెట్టరాదు. అక్కడి స్పందనలు 1,000 వోల్టులను దాటగలవు, మీటరు దెబ్బతింటుంది. 20 అంగుళాల సెట్లలో విరివిగా వాడిన బీయూ205 ట్రాన్సిస్టరు 1,500 వోల్టుల శిఖర విలువకు రూపొందించబడినది.

సాధారణంగా చెడే భాగాలు

డ్రై సోల్డరు

పాత బోర్డులలో అన్నిటికంటే తరచుగా కనిపించే లోపం డ్రై సోల్డరు. బరువైన భాగాలు, వేడెక్కే భాగాలు సెట్టు నడిచిన ప్రతిసారీ వ్యాకోచించి, ఆపినప్పుడు సంకోచిస్తాయి. ఏళ్ళు గడిచేసరికి కాలు చుట్టూ సన్నని ఉంగరం వంటి పగులు ఏర్పడుతుంది. ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు కాళ్ళు, హారిజాంటల్ డ్రైవరు ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద వాట్ల నిరోధకాలు, యోక్ కనెక్టరు దీనికి ముఖ్య స్థానాలు. సెట్టుపై తడితే చిత్రం వచ్చి పోతుండటం దీని గుర్తు. ఒకప్పుడు ఇంటింటా సెట్టు నెత్తిన చరచడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఈ లోపానికి మరొక చిక్కు ఉంది. బంట్వారం వంటి ప్రాంతం నుండి సెట్టును బస్సులో వికారాబాదుకో తాండూరుకో తీసుకువెళ్ళినప్పుడు, దారిలోని కుదుపులకు పగులు తాత్కాలికంగా కలిసి, దుకాణంలో సెట్టు చక్కగా పనిచేయవచ్చు. తిరిగి ఇంటికి చేరగానే పాత లోపం మళ్ళీ కనిపిస్తుంది. కనుక దుకాణంలో లోపం కనిపించకపోయినా, సెట్టు యజమాని చెప్పిన లక్షణాన్ని నమ్మి, పైన పేర్కొన్న స్థానాలను భూతద్దంతో చూడడం ఉత్తమం. పగిలిన చోట కొత్త సోల్డరును పైపైన పూయరాదు. పాతదానిని పూర్తిగా పీల్చివేసి, కాలును, రాగిని శుభ్రం చేసి, కొత్తగా సోల్డరు చేయాలి.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు

వీటి లోపలి ద్రవం వేడికి క్రమంగా ఆవిరైపోతుంది. అప్పుడు వాటి సామర్థ్యం తగ్గి, అంతర్గత నిరోధం పెరుగుతుంది. పైభాగం ఉబ్బడం, అడుగున ద్రవం కారడం బయటికి కనిపించే గుర్తులు. ఏ గుర్తూ లేకుండా చెడినవి కూడా ఎక్కువే. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్ల విలువ, అదే లేక అంతకు మించిన వోల్టేజి, వీలైతే 105 డిగ్రీల రకం తీసుకోవాలి. ధన, ఋణ కాళ్ళు తారుమారైతే కెపాసిటరు పేలిపోతుంది. అనేక సంవత్సరాలు మూలన పడి ఉన్న సెట్టును ఒక్కసారిగా పూర్తి వోల్టేజికి కలపరాదు. వేరియాక్‌తో వోల్టేజిని నెమ్మదిగా పెంచడం మంచిది.

హారిజాంటల్ విభాగపు ట్యూనింగు కెపాసిటరు

అవుట్‌పుట్ ట్రాన్సిస్టరుకు సమాంతరంగా ఉండే చిన్న అధిక వోల్టేజి కెపాసిటరు విషయంలో పొరపాటు ప్రమాదకరం. దీని విలువ తగ్గినా, ఇది తెగిపోయినా పుంజం వెనుకకు మళ్ళే సమయం తగ్గి, స్పందన ఎత్తు పెరుగుతుంది. దానితో ట్యూబుకు అందే వోల్టేజి కూడా మితిమీరుతుంది. ట్రాన్సిస్టరు వెంటనే చెడుతుంది. ఒకవేళ చెడకుండా నడిస్తే, హద్దు మీరిన వోల్టేజి వల్ల ట్యూబు నుండి ఎక్స్-కిరణాలు పెరిగే అవకాశం ఉంది. అందువల్ల దీని స్థానంలో అదే విలువ, అదే వోల్టేజి గల పాలిప్రొపైలీన్ రకాన్నే వాడాలి. ట్రాన్సిస్టరు పదేపదే కాలిపోతుంటే, మరొక ట్రాన్సిస్టరు వేసే ముందు ఈ కెపాసిటరును పరీక్షించాలి.

నిరోధకాలు, ట్రాన్సిస్టర్లు

పాత కార్బన్ నిరోధకాల విలువ కాలక్రమేణా పెరుగుతుంది. ముఖ్యంగా అధిక విలువ గలవాటిలో ఈ మార్పు ఎక్కువ. ఫ్యూజుగా పనిచేసే ప్రత్యేక నిరోధకాల స్థానంలో మామూలువి వేస్తే, తరువాతి లోపం వచ్చినప్పుడు బోర్డు అంటుకునే ప్రమాదం ఉంది. పవర్ ట్రాన్సిస్టరును మార్చినప్పుడు దాని కింది అభ్రకపు పలకను, వేడిని చేరవేసే పేస్టును మరువరాదు. 14 అంగుళాల సెట్లలో వోల్టేజిని స్థిరపరచే 2ఎన్3055 వంటి ట్రాన్సిస్టరు షార్టు అయితే, 11 వోల్టులతో నడవవలసిన బోర్డుకు ఫిల్టరు కెపాసిటరుపై ఉన్న ఎక్కువ వోల్టేజి నేరుగా చేరుతుంది. అప్పుడు ఒక భాగంతో ఆగక అనేక భాగాలు దెబ్బతింటాయి.

కాలిన బోర్డు, ఊడిన రాగి పట్టీలు

గోధుమ రంగు ఫినాలిక్ బోర్డులు అధిక వేడికి నల్లగా మాడుతాయి. మాడిన భాగం బొగ్గుగా మారి విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. దానిపై కొత్త భాగాన్ని పెడితే లోపం మళ్ళీ వస్తుంది. నల్లని భాగాన్ని పూర్తిగా గీకివేసి, ఆ రంధ్రాన్ని ఎపాక్సీతో పూరించి, భాగాన్ని బోర్డుకు కొద్దిగా ఎత్తులో అమర్చాలి. ఊడిన రాగి పట్టీని అతికించే ప్రయత్నం కంటే, పట్టీకి రెండు చివర్లలోని భాగాల కాళ్ళను ఇన్సులేషన్ ఉన్న తీగతో కలపడం మేలు.

ధూళి, తేమ, పిడుగులు

అధిక వోల్టేజి భాగాలు ధూళిని ఆకర్షిస్తాయి. ధూళికి వానాకాలపు తేమ తోడైతే ఆనోడు తీగ చుట్టూ నీలి మెరుపులు, చిటపట శబ్దాలు వస్తాయి. నాపరాయి గనులు, పాలిషింగు యూనిట్లు ఉన్న తాండూరు వంటి చోట్ల సెట్టు లోపలి భాగాన్ని తరచుగా శుభ్రం చేయడం అవసరం. బల్లులు, చీమలు బోర్డుపై చేరి షార్టు కలిగించడం గ్రామీణ ప్రాంతాలలో సాధారణం. ప్రసార కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో ఎత్తైన గొట్టాలపై యాంటెన్నాలు కట్టేవారు. పిడుగు దగ్గరలో పడినప్పుడు ఆ తీగ ద్వారా వచ్చిన విద్యుత్తు ట్యూనరులోని మొదటి ట్రాన్సిస్టరును కాల్చివేస్తుంది. మోటార్ల వాడకంతో వోల్టేజి పడిపోవడం, అవి ఆగగానే ఒక్కసారిగా పెరగడం విద్యుత్ సరఫరా విభాగానికి హాని చేస్తుంది. స్టెబిలైజరు వాడకానికి కారణం ఇదే.

మరమ్మతు తరువాత పరీక్ష

భాగాన్ని మార్చిన వెంటనే సెట్టును నేరుగా ప్లగ్గుకు కలపరాదు. ముందుగా సిరీస్ బోర్డు ద్వారా కలపాలి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే, కెపాసిటర్లు నిండి సెట్టు మామూలు విద్యుత్తునే తీసుకుంటున్నదని అర్థం. బల్బు పూర్తి వెలుగుతో నిలిచి ఉంటే షార్టు ఇంకా ఉన్నది. బల్బు అసలు వెలగకపోతే మార్గం ఎక్కడో తెగి ఉన్నది. బల్బు విద్యుత్తును పరిమితం చేస్తుందే గాని, షాకు నుండి కాపాడదు. కనుక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు అవసరం అప్పటికీ ఉంటుంది.

తరువాత ప్రధాన డీసీ సరఫరాను కొలిచి, తయారీదారు సూచించిన విలువకు సరిచేయాలి. ఆపై ఎత్తు, వెడల్పు, ఫోకసు సవరించాలి. కొన్ని గంటలపాటు వెనుక మూత బిగించి నడిపి, వేడెక్కిన తరువాత కూడా చిత్రం నిలకడగా ఉన్నప్పుడే మరమ్మతు పూర్తయినట్లు భావించాలి. మూత తీసి ఉంచినప్పుడు చల్లగాలి తగులుతుంది కనుక వేడికి మాత్రమే బయటపడే లోపాలు దాగిపోతాయి.

ఇతర పాత యంత్రాలతో పోలిక

ఇదే పద్ధతి పాత పిన్‌బాల్ యంత్రాల బోర్డులకు కూడా చాలావరకు వర్తిస్తుంది. చికాగో కేంద్రంగా ఉన్న బాలీ, విలియమ్స్, గాట్లీబ్ సంస్థలు 1970ల చివరి భాగంలో రిలేలకు బదులు మైక్రోప్రాసెసరు గల బోర్డులను ఈ ఆట యంత్రాలలో ప్రవేశపెట్టాయి. వాటిలో సాధారణ శత్రువు బోర్డుపై ఉన్న బ్యాటరీ. ఆటగాళ్ళ గణాంకాలను గుర్తుంచుకోవడానికి అమర్చిన ఈ బ్యాటరీ నుండి కారిన క్షారం రాగి పట్టీలను, సాకెట్లను తినివేస్తుంది. దీనిని వెనిగర్ వంటి బలహీన ఆమ్లంతో తటస్థపరచి, కడిగి, ఆరబెట్టి, కొత్త బ్యాటరీని బోర్డుకు దూరంగా అమరుస్తారు. బంతి తగిలే దెబ్బలకు, యంత్రం కంపనాలకు కనెక్టరు కాళ్ళ వద్ద సోల్డరు పగులుతుంది. కాయిల్‌పై ఉండే డయోడు తెగిపోతే దానిని నడిపే ట్రాన్సిస్టరు కాలిపోతుంది. కారణాన్ని వదిలి కాలిన భాగాన్ని మాత్రమే మారిస్తే అది మళ్ళీ కాలుతుందనే నియమం రెండు యంత్రాలకూ సమానం. అయితే బాలీ బోర్డులపై ఒక చిన్న దీపం యంత్రం మొదలైనప్పుడు వరుసగా ఏడుసార్లు మెరిసి, ప్రతి మెరుపుతో ఒక్కొక్క పరీక్ష నెగ్గినట్లు తెలుపుతుంది. నలుపు-తెలుపు టెలివిజన్‌లో అటువంటి సౌకర్యం లేదు. అక్కడ తెరయే పరీక్షా దీపం.

ప్రస్తుత ఉపయోగం

దూరదర్శన్ అనలాగ్ భూతల ప్రసారాలు 2020ల మొదటి సంవత్సరాలలో దాదాపు అన్నీ ఆగిపోయాయి. కనుక బాగుచేసిన పాత సెట్టు యాంటెన్నాతో మాత్రమే పనిచేయదు. ఛానలు సంకేతాన్ని ఇచ్చే మాడ్యులేటరు ద్వారా సెట్‌టాప్ బాక్సును లేదా వీడియో ప్లేయరును దానికి కలపవచ్చు. రంగుల కార్యక్రమాలు నలుపు-తెలుపులో కనిపిస్తాయి.

బాగుచేయడానికి వీలులేని సెట్టును చెత్తలో పారవేయరాదు. పిక్చర్ ట్యూబు గాజులోను, సోల్డరులోను సీసం ఉంటుంది. భారతదేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణకు 2011లో నియమాలు వచ్చాయి. 2016, 2022 సంవత్సరాలలో వాటి స్థానంలో కొత్తవి వెలువడ్డాయి. వాటి ప్రకారం ఇటువంటి వ్యర్థాలను అనుమతి పొందిన కేంద్రాలకు అప్పగించాలి. అయితే అప్పగించే ముందు ట్యూనరు, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు, యోక్ వంటి భాగాలను పనిచేసే స్థితిలో ఉంటే తీసి ఉంచడం ప్రయోజనకరం. ఇవి కొత్తగా తయారవడం లేదు. ఒక సెట్టు మరణించినా దాని భాగాలతో మరొకటి బ్రతుకుతుంది. అదే విధంగా, సెట్టుతో పాటు వచ్చిన సర్క్యూట్ పటాన్ని భద్రపరచాలి. పటం లేనప్పుడు బోర్డును చూసి గీసుకున్న పటం, కొలిచిన వోల్టేజిలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే తరువాత పనిచేసేవారికి అదే సర్వీసు మాన్యువలు అవుతుంది.

ఇవి కూడా చూడండి

* టెలివిజన్
* దూరదర్శన్
* ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్
* అయ్యగారి సాంబశివరావు
* ట్రాన్సిస్టరు
* కెపాసిటరు
* పిన్‌బాల్
* బంట్వారం